ఎనిమిదో నంబరు పొయ్యి

చెంగల్రాయుడు సారు బోర్డు మీద డిమాండు గీత గీస్తే మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయేదని చిత్తూరులో చెప్పుకునేవారు. అది వట్టి కోత. ధర ఎలాగూ పడిపోయే రోజు చూసుకుని ఆయన గీత గీసేవాడు, అంతే. అయినా ఆ గీత చూడవలసిందే. చాక్‌పీసును పక్కకు పట్టి, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒక్క దూకుడులో లాగేవాడు. తమలపాకు అంచులాగా వంపు తిరిగి దిగేది. ఇక ఆయన గొంతు సంగతి. క్లాసులో నిలబడి ‘వ్యాకోచత్వం’ అని ఒక్క కేక వేస్తే, పూతలపట్టు కూడలిలో బస్సు కోసం కూర్చుని కునికిపాట్లు పడేవాళ్ళు ఉలిక్కిపడి లేచి, వచ్చిన బస్సు ఏదో కూడా చూడకుండా ఎక్కేసేవారట. అలా అరగొండ పోవలసిన మనిషి తిరుపతిలో తేలాడని, తేలినవాడు తేలినట్టే గుండు కొట్టించుకుని వచ్చాడని ఒక కథ.

ఐరాల పక్క పల్లెలో పుట్టి, చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతూ తల నెరిసిన మనిషి ఆయన. ఆస్తి పెద్దగా లేదు. ఉన్నదల్లా ఒక్క గొప్ప. కాలేజీకి పెద్దలెవరు వచ్చినా, ప్రిన్సిపాలు బీరువాలోంచి పట్టుచీర తీసి చూపినట్టు చెంగల్రాయుడు క్లాసు చూపించేవాడు. ప్రిన్సిపాళ్ళు మారారు గాని పట్టుచీర మారలేదు. వచ్చినవాళ్ళు వెనక బెంచీలో కూర్చుని, గీత దిగడం చూసి, తలలూపి, టీ తాగి పోయేవారు. ఆ రోజు సాయంత్రం ఆయన ఇంటికి నడిచే నడకే వేరు. దారిలో కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి.

రెండువేల నాలుగులో సిలబస్సులో కొత్త పాఠం ఒకటి వచ్చి పడింది. వాతావరణ మార్పు, దాని ఆర్థిక పరిణామాలు. పొగ వల్ల భూమి వేడెక్కుతుంది, వానలు అదుపు తప్పుతాయి, ఆ నష్టం ఎవరు భరించాలి, పొగకు ధర కట్టగలమా, ఇదీ వరస. చెంగల్రాయుడు రెండు రోజులు నోట్సు చెప్పించాడు. పిల్లలు రాసుకుంటూ రాసుకుంటూ పేజీ మీదే తలలు వాల్చారు. ఆయనకు కూడా ఆవులింత వచ్చింది. అందులో ఆయన గీయడానికి వంపైన గీత ఒక్కటీ కనబడలేదు.

స్టాఫ్‌రూములో కొత్తగా చేరిన కృపారాణి ఒక మూల కూర్చుని ఉంది. పూతలపట్టు అమ్మాయి. తల్లి నిర్మలమ్మ ఆసుపత్రిలో ఆయా. ఈ కాలేజీలోనే, చెంగల్రాయుడి క్లాసులోనే, ముందు బెంచీలో కూర్చుని డిగ్రీ చదివింది. తిరుపతిలో ఎమ్మే చేసి వచ్చి, ఇప్పుడు సారు పక్కన కుర్చీ వేసుకోవడానికి ఇంకా మొహమాటపడుతోంది.

“ఏం పాపా, ఖాళీగా ఉండావా?” అన్నాడాయన.

“చెప్పండి సార్.”

“ఈ ఎండల పాఠం నువ్వు తీసుకో. మన చిత్తూరు పిలకాయలకి ఎండ గురించి నేను చెప్పాల్నా? బయటికి పోయి రవ్వంత సేపు నిలబడితే వాళ్ళకే తెలస్తాది.”

వట్టిపోయిన ఆవును దానం చేసినంత ఉదారంగా ఇచ్చాడు. ఆ ఆవు అవతలి గడప తొక్కగానే కుండలకు కుండలు పాలిస్తుందని ఎవరు కలగన్నారు?

కృపారాణి ఆ పాఠాన్ని క్లాసులో చెప్పలేదు. కంప్యూటర్ రూముకు తోలుకుపోయింది.

కాలేజీ మొత్తంలో ఏసీ ఉన్నది ఆ గదికే. కిటికీలకు నీలం తెరలు, ఎనిమిది కంప్యూటర్లు, వాటికి దుమ్ము పడకుండా గుడ్డ ముసుగులు. గడప దగ్గర బోర్డు: ‘చెప్పులు బయట విడువవలెను.’ కృపారాణి తిరుపతిలో చదివేటప్పుడు స్నేహితురాలితో కలిసి ఒక ఆట తయారుచేసుకుంది. మొదట అందులో దేశాలు ఉండేవి. ఒక్కో జట్టు ఒక్కో దేశం. ఎంత పొగ వదలాలో జట్టే నిర్ణయించుకోవాలి. కాని ఐరాల పిల్లవాడికి అమెరికా మీద కోపం రాలేదు, చైనా మీద జాలి కలగలేదు. అందుకని దేశాలు తీసేసి బెల్లం పొయ్యిలు పెట్టింది. ఇక్కడ చెరుకు గానుగ ఎరగని పిల్లలు ఎవరున్నారు?

ఆట ఇది. ఎనిమిది కంప్యూటర్లు, బెల్లం వండే ఎనిమిది ఇళ్ళు. ఏడాదికి ఎన్ని పొయ్యిలు వెలిగించాలో ఒక్కో ఇల్లు తన అంకె కొడుతుంది. ఒకటి నుంచి పది దాకా ఎన్నయినా సరే. ఎక్కువ పొయ్యిలు వెలిగిస్తే ఎక్కువ బెల్లం. తెర మీద ఎవరి బెల్లం కుప్ప ఎంత పెరిగిందో అందరికీ కనబడుతుంది. కాని పొగంతా ఒకే ఆకాశంలోకి పోతుంది. ఆకాశం నల్లబడితే వాన తగ్గుతుంది, వాన తగ్గితే అందరి చెరుకూ ఎండుతుంది. బెల్లం ఎవరిది వారిది, ఆకాశం మాత్రం అందరిది. పాఠమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

చెంగల్రాయుడికి ఆట సంగతి తరవాత తెలిసింది. ముందు తెలిసింది చెప్పుల సంగతి.

ఒక మధ్యాహ్నం వరండాలో పోతూ ఉంటే కంప్యూటర్ రూము ముందు చెప్పుల గుట్ట కనబడింది. పెళ్ళి పందిరి ముందు, దేవుడి దర్శనం ముందు తప్ప అన్ని చెప్పులు ఒకచోట ఆయన చూడలేదు. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, హీలు చెప్పులు, ఒకదాని మీద ఒకటి ఎక్కి లోపలికి తొంగి చూస్తున్నట్టు పడి ఉన్నాయి. తన క్లాసులో మొహం చూపించని వాళ్ళ చెప్పులు కూడా ఆయన గుర్తుపట్టాడు. పొట్టలో ఎక్కడో సన్నగా పొగ లేచింది.

అంత పొగతో ఆగితే బాగుండేది. మర్నాడు క్లాసులోకి పోయి, “రేపటి నుంచి నా క్లాసుకి కూడా చెప్పులు బయటే ఇడిసి రావాల” అన్నాడు.

“ఎందుకు సార్?” అని అడిగింది స్రవంతి, ముందు బెంచీ పిల్ల.

“సరస్వతి ఉండే తావు.”

“ఇన్నాళ్ళూ యాడికి పోయుండింది సార్?” అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆయన చాక్‌పీసు విసిరాడు. ఆ చాక్‌పీసు మనిషి బెంచీ మారినా వెతుక్కుంటూ పోయి నుదుటికే తగులుతుందని పేరు. ఆ రోజు మాత్రం పోయి గోడకు తగిలింది.

మర్నాడు చెప్పులు బయట విడిచారు. గుట్ట కాలేదు. ఉన్న కొద్దిపాటి జతలనూ ఆయన నడుమ నడుమ గడప దాకా వచ్చి చూసుకుని తృప్తిపడుతూ ఉండగా, కాంటీను కుక్క ఒకటి వచ్చి మునిశేఖర్ అనే కుర్రాడి కొత్త తోలు చెప్పు కరుచుకుని చక్కా పోయింది. కంప్యూటర్ రూము దగ్గర కాపలాకు అటెండరు ఉన్నాడు. సరస్వతికి అటెండరు లేడు. మునిశేఖర్ ఒంటికాలి చెప్పుతో ఐరాల దాకా బస్సులో నిలబడి పోయాడు. ఆ నియమం అంతటితో సరి.

ఇక ఆగలేక చెంగల్రాయుడు ఒకనాడు కంప్యూటర్ రూము గడప దాకా పోయాడు. కృపారాణి చూసి సంతోషంగా ఎదురొచ్చింది.

“రండి సార్, రండి. ఆ చాక్‌పీసు మాత్రం బయట పెట్టేసి రండి సార్. దుమ్ముకి మిషన్లు చెడిపోతాయంట.”

పూజారిని గంట బయట పెట్టి గుళ్ళోకి రమ్మన్నట్టుంది. ఆయన తన వేళ్ళ మధ్య తెల్లటి ముక్కను చూసుకున్నాడు. “నాకు పనుండాదమ్మా” అని వెనక్కు తిరిగాడు. వరండా చివరి దాకా పోయి, పనేమీ లేదు గనక మళ్ళీ వచ్చి, నీలం తెర వెనక కిటికీ పక్కన నిలబడ్డాడు. అలా రోజూ నిలబడ్డాడు. తెర వెనక నుంచి వింటూ వింటూ ఆట నియమాలన్నీ నేర్చేసుకున్నాడు. శ్రద్ధగా వినే విద్యార్థి కావాలంటే కుళ్ళుబోతును మించినవాడు దొరకడు.

ఒక రోజు కృపారాణి స్టాఫ్‌రూములో దిగులుగా కూర్చుంది.

“సార్, ఆట పలకడం లేదు సార్.”

“ఏమైంది?” అన్నాడు. గుండెలో చిన్న జాతర మొదలైంది.

“అందరూ మంచోళ్ళయిపోయినారు సార్. మేడం చూస్తా ఉంది కదా అని అందరూ రెండేసి పొయ్యిలే వెలిగిస్తా ఉండారు. ఆకాశం నీలంగానే ఉండిపోతా ఉంది. ఒక్కడన్నా పక్కోడి కుప్ప చూసి ఓర్వలేకపోతే కదా సార్, లోకంలో జరిగేదేందో వాళ్ళకి తెలిసేది?”

ఆయనకు ఈ మాటలు సగమే ఎక్కాయి. తన పిల్లలు బుద్ధిమంతులని చెప్పుకోవడానికి ఈ పిల్ల కొత్త దారి కనిపెట్టిందనుకున్నాడు. “అట్లనా, పాపం” అని టీ తాగేశాడు.

ఆ వారమే పిడుగు పడింది. విశ్వవిద్యాలయం నుంచి పరిశీలనకు పెద్దలు వస్తున్నారని ప్రిన్సిపాల్ నరేంద్ర స్టాఫ్‌రూముకు వచ్చి చెప్పాడు. చెంగల్రాయుడు అలవాటు ప్రకారం లేచి, చొక్కా సర్దుకుని, “ఏ పాఠం చెప్పమంటారు సార్?” అని అడిగాడు.

నరేంద్ర గోడ గడియారం వైపు చూశాడు. “రాయుడు గారూ, ఈసారి కృపారాణి కంప్యూటర్ క్లాసు చూపిద్దామనుకుంటా ఉండాము. ఇప్పుడంతా అదే అడుగుతా ఉండారు. పిల్లలు తామే చేసి నేర్చుకోవాలంట. మీరు కూడా పక్కన ఉండండి.”

“ఉంటాను, ఉంటాను. దాందేముంది” అని నవ్వాడు చెంగల్రాయుడు. ఆ నవ్వుతో పెనం మీద దోసె మాడిపోయేది.

రాత్రి భోజనాల దగ్గర భార్య వరలక్ష్మమ్మ మజ్జిగ పోస్తూ ఆయన ముఖం చూసింది.

“ఏమయ్యా, ఎవురి మీద?”

“ఎవురి మీదా లేదు.”

“మరి అన్నంలో గుంట తవ్వుతా ఉండావే, బోరు వేస్తావా?”

“ఆ కృపారాణి క్లాసు చూపిస్తారంట. నేను పక్కన ఉండాలంట. పెళ్ళిలో తోడుపెళ్ళికొడుకు మాదిరి.”

“నీ దగ్గర చదివిన పిల్లే కదా. నీకే గొప్ప.”

“అదే కదే!” అని కంచం మీద చేయి కొట్టాడు. “పరాయి పిల్లయితే ఊరుకుండేవాణ్ణి. నేను నేర్పిన పిల్ల!”

వరలక్ష్మమ్మ ఇంకో గరిటె మజ్జిగ పోసింది. “తాగు. కడుపుమంటకి ఇంతకన్నా మందు లేదు.”

పెద్దలు వచ్చిన రోజు చెప్పుల గుట్ట ఎన్నడూ లేనంత ఎత్తుగా లేచింది. పరిశీలకుల పెద్ద ఆనందమ్మ గారు, కళ్ళద్దాల తాడు మెడలో వేసుకున్న ముసలి ప్రొఫెసరు, తన చెప్పులు కూడా ఆ గుట్ట పక్కనే విడిచి లోపలికి పోయారు. వెంట వచ్చిన ఇద్దరు మగవాళ్ళు బూట్ల తాళ్ళతో కుస్తీ పట్టి, సాక్సులతో లోపలికి నడిచారు. చెంగల్రాయుడు గుమ్మంలో తోడుపెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

పిల్లలు తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఎనిమిదో నంబరు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. అందులో కూర్చోవలసిన పల్లవికి జ్వరం, పెద్దల ముందు ఆ కుర్చీ ఎక్కడానికి మిగతా పిల్లలెవరికీ ధైర్యం చాలలేదు. ఆ ఇల్లు లేకపోతే ఆట సాగదు. కృపారాణి గది నలుమూలలా చూసి, గుమ్మం వైపు తిరిగింది.

“సార్, ఎనిమిదో పొయ్యి ఖాళీగా ఉండాది. మీరు కూర్చుంటారా సార్?”

దేవుడు వరమివ్వాలనుకుంటే ఇంత నేరుగా ఇస్తాడని ఆయనకు తెలియదు. చాక్‌పీసు జేబులో వేసుకున్నాడు. చెప్పులు గుట్టలో విడిచాడు. పోయి కూర్చున్నాడు. ఈ పిల్లలందరూ రెండేసి వెలిగించి, ఆకాశం నీలంగా నిలబెట్టి, పెద్దల చేత చప్పట్లు కొట్టించుకుంటారు. ఎట్ల కొట్టించుకుంటారో సూస్తా అనుకున్నాడు.

మొదటి ఏడాది. అందరూ రెండు కొట్టారు. ఆయన మామిడిపండు పండిందా లేదా అని నొక్కి చూసినట్టు ఒక్క వేలితో ఒకటి నొక్కాడు, సున్నా నొక్కాడు. పది.

తెర మీద ఎనిమిదో నంబరు బెల్లం కుప్ప తిరుమల కొండలా లేచింది. మిగతా కుప్పలు దాని కింద పుట్టల్లా ఉన్నాయి.

“ఎనిమిదో నంబరు ఎవుర్రా?” అని గుసగుస.

“సారు!”

“సారా? పదా?”

రెండో ఏడాది ఆయన మళ్ళీ పది కొట్టాడు. మూడో నంబరులో కూర్చున్న స్రవంతి అయిదు కొట్టింది. అది చూసి నాలుగో నంబరు మునిశేఖర్ ఏడు కొట్టాడు. ఆ తరువాతి ఏడాది గదిలో రెండు అన్న అంకె ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు కుర్చీల అంచుకు జరిగారు. “మేం మాత్రమే ఎందుకు తగ్గాల?” అని ఒకరు, “వాళ్ళు ఎనిమిది కొట్టినార్రా, నువ్వు తొమ్మిది కొట్టు!” అని ఒకరు. తెర పైన ఆకాశం గోధుమ రంగయింది, తరవాత ఇనుప పెనం అడుగులా నల్లబడింది. తెర మీది చెరుకు తోటలు వరసగా ఎండుతూ పోయాయి. ఆ గదిలో నిజంగా పొగ వాసన వచ్చిందని, సాక్సుల పెద్దమనిషి దగ్గాడని తరవాత పిల్లలు ప్రమాణం చేసి చెప్పారు.

చివరికి ఎవరు ఏ అంకె కొట్టినా తెర ఒకటే మాట చూపించింది: ‘వాన లేదు. చెరుకు లేదు.’ కుప్పలన్నీ తినగా తినగా కరిగిపోయాయి. తిరుమల కొండ కూడా కరిగింది.

చెంగల్రాయుడు కుర్చీలో వెనక్కు వాలాడు. అయిపోయింది. పట్టుచీరకు నిప్పంటింది. ఇప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి అని తల తిప్పాడు.

కృపారాణి ముఖం వెలిగిపోతోంది. సంతోషం ఆపుకోలేక రెండు చేతులూ కలిపి నలుపుకుంటోంది.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

ఆనందమ్మ గారు కళ్ళద్దాలు పెట్టుకుని లేచి స్రవంతి దగ్గరికి వచ్చారు. “ఆకాశం నల్లబడుతోందని నీకు కనబడలేదా అమ్మా?”

“కనబడింది మేడం.”

“మరి?”

“దానికన్నా ఎనిమిదో నంబరు బెల్లం బాగా కనబడింది మేడం.”

గది గొల్లుమంది. కృపారాణి ఆ నవ్వు మీదే అందుకుంది. “దేశాలు కూడా ఇట్లనే! నా పొగ తగ్గిస్తే నష్టం నాది, లాభం అందరిదీ. పక్కోడు తగ్గించకపోతే నేనెందుకు తగ్గించాల? ప్రతి దేశమూ ఇదే మాట అంటుంది. ఎవురూ చెడ్డోళ్ళు కాదు. అందరూ పక్కనోడి కుప్ప సూస్తా ఉంటారు, అంతే.” పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఈ మాటలే ఆమె ఇంతకు ముందు ఎన్నోసార్లు చెప్పింది. అప్పుడు చెవిలో పడ్డాయి, ఇప్పుడు ఒంట్లో పడ్డాయి.

ఆనందమ్మ గారు ఎనిమిదో నంబరు వైపు తిరిగారు. “మీరు అర్థశాస్త్రం చెప్పే పెద్దవారు. మొదటి ఏడాదే పది పొయ్యిలు ఎందుకు వెలిగించారు?”

చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. గరిష్ఠ లాభ సూత్రమని ఒక జవాబు నాలుక చివర ఉంది. ప్రయోగం కోసమని ఇంకొకటి ఉంది. రెండూ పట్టుబట్టల్లాంటి జవాబులు. కాని లోపల అంతసేపు మండి మండి అలిసిపోవడం వల్ల కాబోలు, ఉన్నమాట జారిపోయింది.

“ఓర్వలేక మేడం.”

మళ్ళీ గొల్లుమన్నారు. నరేంద్ర అందరికన్నా గట్టిగా నవ్వాడు. సాక్సుల పెద్దమనుషులు బల్ల చరిచారు. సారు ఎంత చమత్కారంగా చెప్పాడని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అన్నేళ్ళలో ఆయన చెప్పిన నికార్సైన నిజాన్ని నమ్మినవాళ్ళు ఒక్కరూ లేరు, ఒక్క కృపారాణి తప్ప. ఆమె నవ్వలేదు. ముందు బెంచీలో కూర్చుని మూడేళ్ళు ఆ ముఖం చూసిన పిల్ల. ఒక్క క్షణం ఆయనను చూసి, చప్పున మాట మార్చింది.

“సరే, ఇప్పుడు మళ్ళీ ఆడదాం. ఈసారి ముందుగా కట్టుబాటు చేసుకోండి. ఎట్ల చేసుకుంటారో మీ ఇష్టం. కాని ఎనిమిదో నంబరు ఒప్పుకోవాల.”

“అందరూ రెండే వెలిగిస్తామని మాట ఇచ్చుకుందాం” అంది స్రవంతి.

“మాటదేముందమ్మా” అన్నాడు చెంగల్రాయుడు. ఎందుకు అన్నాడో తెలియదు, నోరు ఊరుకోలేదు. “ఇప్పుడు సరే అంటాను. తిరిగి కూర్చుని పది కొడతాను.”

“అయితే పొగకి ధర కడదాం సార్. రెండు దాటి వెలిగించే ప్రతి పొయ్యికీ ఇంత బెల్లం ఉమ్మడి కుండలో పోయాల. ఏడాది చివర్న అందరూ పంచుకోవచ్చు.”

“ఆ, అది మాట. ఎక్కువ పొగ పెట్టేవాడికి ఆ ధర చురుక్కుమనాల. కాని ఎవురు సూస్తారు? తెర కుప్పనే సూపిస్తాది, పొయ్యిల్ని కాదు; ఎవుడి పొయ్యిలు వాడు తక్కువే చెప్తాడు కదప్పా.”

దేశాల పెద్దలందరూ కూర్చుని తెమల్చలేని చిక్కు అది. నాలుగో నంబరు నుంచి మునిశేఖర్ మెల్లగా చెయ్యెత్తాడు.

“మా ఊర్లో ముగ్గురు అన్నదమ్ములకి ఒకే బావి సార్. వంతుల లెక్కన నీళ్ళు పారిచ్చుకుంటారు. ఒకడి వంతులో ఇంకొకడు మోటరు వెయ్యకుండా కాపలా పెడతారు. కాపలాకి నమ్మకస్తుణ్ణి పెట్టరు సార్. ఓర్వలేనోన్ని పెడతారు.”

“అదేందిరా?”

“నమ్మకస్తుడు నిద్రపోతాడు సార్. ఓర్వలేనోడికి నిద్ర పట్టదు.”

నవ్వు ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి తలలన్నీ ఎనిమిదో నంబరు వైపు తిరిగి ఉన్నాయి. చెప్పు పోగొట్టుకున్న మునిశేఖర్ కళ్ళలో కొంచెం బాకీ తీర్చుకున్న మెరుపు కూడా ఉంది. చెంగల్రాయుడు చుట్టూ చూశాడు, ఇక తప్పించుకునే దారి లేదని తెలిసి లేచాడు.

ఆ రెండో ఆటలో ఆయన కాపలా కాసిన తీరు చిత్తూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడాదికొకసారి తన రెండు కొట్టేసి, వట్టి కాళ్ళతో, చేతులు వెనక్కు కట్టుకుని, కంప్యూటర్ల వెనక తిరిగాడు. ఎవడైనా మూడు కొట్టాలని మనసులో అనుకుంటే చాలు, వాడి వీపు వెనక ‘ఊఁ’ అని వినబడేది. ఒకడు వేలు కదపకముందే, “నీ చెవులు ఎర్రబడినాయిరా, నాలుగు కొట్టబోతావుండావు” అని పట్టుకున్నాడు. కట్టినవాళ్ళు కట్టారు, కుండ నిండింది, ఆకాశం చివరి ఏడాది దాకా నీలంగా నిలిచింది. కుప్పలు కొండలు కాలేదు గాని కరగలేదు. ఆయన కుప్ప కూడా అందరితో సమానంగా ఉంది. అది మాత్రం ఆయనకు అంత నచ్చలేదు.

ఆట అయిపోయింది. కాని అప్పటికి ఆయన ఒంట్లో పాఠం పూనింది. ధర ఎంత ఉండాలి, అది ఎక్కడి నుంచి పుడుతుంది, ఇప్పుడు చెప్పకపోతే ప్రాణం పోయేట్టుంది. చేయి జేబులోకి పోయింది. కృపారాణి చూసింది. ఆయన కూడా ఆమె చూడడం చూశాడు.

“రండ్రా!” అని ఒక్క కేక వేసి వరండాలోకి నడిచాడు.

చెప్పుల గుట్టను కాలితో పక్కకు నెట్టి, సిమెంటు నేల మీద గొంతుకూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్క దూకుడులో గీత లాగాడు. “ఇది నా పొయ్యికి నాకయ్యే ఖర్చు.” దాని పైన ఇంకొకటి లాగాడు, అంతకన్నా నిటారుగా. “ఇది నా పొయ్యికి ఊరంతటికీ అయ్యే ఖర్చు.” రెంటి మధ్య ఖాళీలో వేలు పెట్టాడు. “ఈ సందు ఉండాదే, ఇదే పొగ ధర. ఈ సందుని ఎవురూ కట్టకపోతే ఆకాశం కడతాది.”

పిల్లలు చుట్టూ కూర్చున్నారు. పెద్దలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. గీతను ఎవరూ తొక్కలేదు. వెనక నుంచి కృపారాణి, ఒకప్పటి ముందు బెంచీ గొంతుతో, “పొయ్యిలు పెరిగేకొద్దీ ఆ సందు ఇంకా పెద్దదవుతుంది కదా సార్?” అని అడిగింది. “శభాష్” అన్నాడు, అలవాటు కొద్దీ.

ఆనందమ్మ గారు కాగితం తీశారు. “ఇది ఎవరి క్లాసని రాసుకోవాలి నేను?”

చెంగల్రాయుడు నేల మీంచి లేచి నిలబడ్డాడు. ఆయనకు కావలసింది ఆ ఒక్క జవాబు. కృపారాణి వెంటనే ముందుకు వచ్చింది.

“సారుదే మేడం. పొయ్యిలు ఆయనవే, గీతలు ఆయనవే. నేను మిషన్లు ఆన్ చేశాను, అంతే.”

ఎంత తేలిగ్గా ఇచ్చేసింది! ఆయన అంత మండీ దక్కించుకోలేనిదాన్ని, ఆ పిల్ల జడలో పువ్వు తీసి ఇచ్చినట్టు ఇచ్చేసింది. ముఖంలో కొంచెమైనా బాధ లేదు. ఆట ఆమెది, పేరు పోయినా పోనిమ్మంటోంది. అసూయ పడడం కూడా రాని పిల్ల. ఆ క్షణంలో ఆయన కడుపు ఎన్నడూ మండనంత మండింది. మంచితనంలో కూడా నన్ను దాటిపోతావా?

“గమ్మునుండు పాపా” అని కసిరాడు. ఆనందమ్మ గారి వైపు తిరిగి, “ఆ పిల్లది మేడం క్లాసు. కృపారాణి అని రాసుకోండి. ఇనిషియల్‌తో సహా రాసుకోండి. నేను ఎనిమిదో నంబరు పొయ్యిని” అన్నాడు.

ఆనందమ్మ గారు రాసుకున్నారు. నరేంద్ర ఆయన పెద్దమనసుకు కదిలిపోయి చేతులు పట్టుకున్నాడు. ఆ పట్టులోంచి చేతులు విడిపించుకుని, చెంగల్రాయుడు తన చెప్పుల కోసం వంగాడు. ఆయన చెప్పులూ గోధుమరంగే, అందరి చెప్పులూ గోధుమరంగే. వెతికి వెతికి, దొరికిన రెండూ తొడుక్కుని ఇంటికి వచ్చాడు.

వరలక్ష్మమ్మ గుమ్మంలోనే ఎదురై ఆయన కాళ్ళ వైపు చూసింది. “ఏమయ్యా, రెండూ ఎడమకాలివే వేసుకోని వొచ్చినావే?”

“ఆ గుట్టలో ఏది ఎవురిదో ఎవురికి తెలస్తాది?”

అన్నం పెట్టింది. “పిల్ల బాగా చెప్పిందా?”

ఆయన ఒక ముద్ద తిని, ఇంకో ముద్ద తిని, “చెప్పిందిలే” అన్నాడు. “రవ్వంత ఉప్పు తక్కువైంది.”

“పాఠంలోనా, పప్పులోనా?”

ఆయన చేయి కడుక్కుని వచ్చి, మూలన పడి ఉన్న రెండు ఎడమకాలి చెప్పులను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

“వరలక్ష్మీ, రేపు బజారుకి పోవాల.”

“ఎందుకు?”

“చెప్పులు కొనాల. మళ్ళీ గురువారం ఆ గదిలో క్లాసుండాది, ఎనిమిదో కుర్చీలో నేనే కూర్చుంటా. ఈసారి ఎర్ర వార్లవి తీసుకుంటా. మంచి ఎరుపు. గుట్టలో అందరికన్నా ముందు నావే కనబడాల.”